ఒక గది, ఆరు ఫోన్లు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ సభలో జీతాల గురించి, ఇఖామాల గురించి మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు. మాకు మాత్రం టీవీ, పాటలు, రోజువారీ బతుకు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇదేం విషయం, దీని గురించి కూడా ప్రసంగమా అని కొందరు నవ్వారు. నవ్వినా ఫర్వాలేదు. పది గంటలు డ్యూటీలో ఎలా ఉండాలో కంపెనీ చెప్తుంది. మిగిలిన వేళల్లో ఎలా ఉండాలో మనకు ఎవరూ చెప్పరు. కానీ మన నిద్ర, మన డబ్బు, ఇంటితో మన సంబంధం, ఒక్కోసారి మన ప్రాణం కూడా, ఆ మిగిలిన వేళల మీదే ఆధారపడి ఉంటాయి.

మనం ఉండేది షుఐబాలో. కువైట్ సిటీకి దక్షిణాన యాభై కిలోమీటర్ల దూరం. ఒకవైపు ఓడరేవు, ఒకవైపు ఫ్యాక్టరీలు, పక్కనే మీనా అబ్దుల్లా. 1968లో మొదలైన షుఐబా రిఫైనరీని 2017లో మూసేశారు. అయినా ఈ చుట్టుపక్కల పొగ గొట్టాలకూ, పైపులైన్లకూ, మన పనికీ కొదవ లేదు. ఇక్కడ పార్కు లేదు, సినిమా హాలు లేదు. శుక్రవారం వస్తే ఫహాహీల్ బస్సెక్కి ఇంత కూరగాయలు, ఇంత చేప కొనుక్కుని రావడమే మన షికారు. మిగతా వారమంతా గదే. రెండంతస్తుల మంచాలు మూడు, మనుషులు ఆరుగురు, ఫోన్లు ఆరు. ఒక్కోసారి ఏడు, ఎందుకంటే ఒకరికి ఇండియా సిమ్ వేరే ఫోన్లో ఉంటుంది.

కాస్త వెనక్కి వెళ్దాం. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. మన పల్లెలకు టీవీ రావడానికి ఇంకో పదేళ్ళు పైనే పట్టింది. ఊరికి ఒకటో రెండో టీవీలు. ఆదివారం సినిమా వస్తే ఆ ఇంటి వసారా నిండిపోయేది, కిటికీ ఊచలు పట్టుకుని కూడా చూసేవాళ్ళు. అంతకు ముందు రేడియో. టీ బంకు దగ్గర వివిధ భారతి పెడితే అది ఒక్కడికి కాదు, బజారంతటికీ. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. అప్పటి నుంచి ఇళ్ళల్లో సాయంత్రాలు మారిపోయాయి.

మనకంటే ముందు కువైట్ వచ్చిన పెద్దలు ఇంకో సంగతి చెప్తారు. అప్పట్లో ఫోను చేయాలంటే జీతంలో ముక్క పోయేది. అందుకని టేప్ రికార్డర్‌లో మాటలు రికార్డు చేసి, ఆ క్యాసెట్‌ను ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు అందరూ చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. తిరిగి వచ్చే క్యాసెట్‌లో అమ్మ ఏడుపు ఉండేది, బిడ్డ పలికిన కొత్త మాట ఉండేది, వెనకాల కోడి కూత కూడా ఉండేది. ఆ క్యాసెట్‌ను గదిలో అందరూ వినేవాళ్ళట. ఒకరి అమ్మ మాట ఆరుగురికీ అమ్మ మాటే.

తర్వాత క్యాంపుల్లోకి డిష్ వచ్చింది. హాల్లో ఒక టీవీ, దానికి ఒక రిమోట్, ఆ రిమోట్ కోసం రోజూ పంచాయితీ. మలయాళీ సోదరులకు వాళ్ళ వార్తలు కావాలి. బీహారు తమ్ముళ్ళకు హిందీ పాటలు కావాలి. మనవాళ్ళలోనే కడప, రాయచోటి వాళ్ళకు ఒకటి, గోదావరి జిల్లాల వాళ్ళకు ఇంకోటి. క్రికెట్ ఉన్న రోజు మాత్రం అందరిదీ ఒకే మాట. ఆ గొడవలు తలనొప్పిగానే ఉండేవి. కానీ గొడవ పడాలన్నా పక్కన మనిషి ఉండాలి కదా!

ఇప్పుడు రిమోట్ గొడవ లేదు. ఎవరి మంచానికి వాళ్ళు దుప్పటి కట్టుకున్నాం. ఎవరి చెవుల్లో వాళ్ళ ఇయర్‌ఫోన్. ఒకరు సినిమా, ఒకరు రీల్స్, ఒకరు వార్తలు, ఒకరు వీడియో కాల్. గదిలో ఆరుగురం ఉంటాం, ఎవరికి వాళ్ళం ఒంటరిగా ఉంటాం.

ఫోను చెడ్డదని చెప్పడానికి మేం ఇక్కడ నిలబడలేదు. ఫోను లేకపోతే బిడ్డ పళ్ళు వచ్చిన సంగతి రెండేళ్ళ తర్వాత సెలవుకు పోయినప్పుడు తెలిసేది. ఫోనులో చూసి పప్పుచారు పెట్టడం నేర్చుకున్నవాళ్ళున్నారు. అరబిక్ నేర్చుకుని హెల్పర్ నుంచి డ్రైవర్ అయినవాళ్ళున్నారు. డబ్బు పంపడానికి లైన్లో నిలబడే బాధ పోయింది. ఇవన్నీ నిజం. కానీ లాభం లెక్క రాసుకున్నప్పుడు ఖర్చు లెక్క కూడా రాయాలి. ఖర్చు అంటే నెట్ ప్యాక్ దినార్లు మాత్రమే కాదు.

మొదటి ఖర్చు నిద్ర. ఇండియా మనకంటే రెండున్నర గంటలు ముందు. మనం డ్యూటీ దిగి, బస్సు దిగి, స్నానం, వంట, తిండి అయ్యేసరికి ఎనిమిదిన్నర. అక్కడ పదకొండు. ఇంటావిడ కళ్ళు మూతలు పడుతుంటాయి, పిల్లలు ఎప్పుడో నిద్రపోయి ఉంటారు. ఆ మాట ఈ మాట చెప్పి ఆమె పడుకుంటుంది. మనకు మనసు నిండదు. కాసేపు రీల్స్ చూద్దాం అనుకుంటాం. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతట అదే వస్తుంది. సినిమాకైతే శుభం కార్డు ఉంటుంది, రీల్స్‌కు ఉండదు. చూస్తే పన్నెండు. తెల్లారి నాలుగుకు లేవాలి.

వేసవిలో ఇది ఆటలు కాదు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. ఆ నిబంధన ఊరికే పెట్టలేదు. 2016 జూలై 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండాకాలంలో నాలుగు గంటల నిద్రతో పరంజా ఎక్కినవాడికి కళ్ళు తిరగడానికి ఎంతసేపు? నీళ్ళు తాగండి, ఉప్పు కలిపిన మజ్జిగ తాగండి అని పొద్దున టూల్ బాక్స్ మీటింగులో చెప్తాం. కానీ రాత్రి పోయిన నిద్రను ఏ మజ్జిగా తెచ్చివ్వదు.

రెండో ఖర్చు చెవి. కొందరు తమ్ముళ్ళు హెల్మెట్ కింద ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని పని చేస్తారు. పాట వింటుంటే పని తెలియదన్నా అంటారు. నిజమే, పని తెలియదు. వెనక్కి వచ్చే లారీ హారన్ కూడా తెలియదు. క్రేన్ కింద రిగ్గర్ వేసే విజిల్ తెలియదు. రిఫైనరీ పక్కన పని అంటే ఇంకోటి కూడా ఉంది, హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయింది అనుకుంటే మనిషే పోతాడు. అప్పుడు మనల్ని కాపాడేది డిటెక్టర్ కూత, సైరన్. అవి వినపడాల్సిన చెవిని పాటకు అద్దెకిస్తే ఎలా?

పాట వద్దని కాదు. పనికీ పాటకూ సంబంధం మనకు కొత్త కాదు. నాట్లు వేసేటప్పుడు మన అమ్మలు పాడేవాళ్ళు. దంపుడు పాటలుండేవి. వల లాగేటప్పుడు హైలెస్సా ఉంది. అయితే ఒకటి గమనించండి. ఆ పాట పనిని మరిచిపోవడానికి కాదు, పదిమంది చేతులు ఒకేసారి కదలడానికి. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవాలి. పాట తప్పితే లాగుడు తప్పుతుంది.

మనం ఉన్న ఈ దేశంలో కూడా అదే ఉండేది. చమురు రాకముందు కువైట్‌వాళ్ళు సముద్రంలోకి పోయి ముత్యాలు ఏరేవాళ్ళు. ఎండాకాలంలో నెలల తరబడి ఓడ మీదే. ఆ ఓడల్లో పాడటానికే ఒక మనిషి ఉండేవాడు, అతన్ని నహ్హామ్ అనేవాళ్ళు. తెడ్డు వేయాలన్నా, లంగరు లాగాలన్నా, తెరచాప ఎత్తాలన్నా అతను పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు పలకాలి. ఒక్కో పనికి ఒక్కో రకం పాట. పాడటం కూడా ఓడలో ఒక ఉద్యోగమే. ఈ గల్ఫ్ ముత్యాల ఓడల పాటలను ఫిజిరి అంటారు. 2021లో బహ్రెయిన్ తరఫున వాటిని యునెస్కో తన జాబితాలో చేర్చింది.

ఆ మునిగేవాళ్ళు ఎవరనుకుంటున్నారు? మనలాంటివాళ్ళే. సీజను మొదట్లో ఓడ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇంట్లో ఇచ్చి బయలుదేరేవాళ్ళు. ముత్యాలు సరిగ్గా దొరక్కపోతే ఆ అప్పు వచ్చే ఏడాదికి, ఒక్కోసారి కొడుకు నెత్తి మీదికి వచ్చేది. వీసాకు అప్పు చేసి వచ్చి రెండేళ్ళు వడ్డీ కట్టే మనకు ఈ కథ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. జపాన్‌వాళ్ళు ముత్యాలు పెంచడం మొదలుపెట్టాక ఆ వ్యాపారం పడిపోయింది. 1938లో బుర్గాన్‌లో చమురు దొరికింది, 1946లో ఎగుమతి మొదలైంది. అందువల్లే ఈరోజు మనం ఇక్కడున్నాం. అప్పట్లో వాళ్ళ ఓడలు మన మలబారు తీరానికి కలప కోసం వచ్చేవి. 1961 దాకా ఇక్కడ నడిచింది రూపాయే. దినార్ ఆ తర్వాత వచ్చింది.

ఇక టీవీ సంగతి. ఇళ్ళల్లో పని చేసే మన అక్కచెల్లెళ్ళను అడగండి. చాలామంది అరబిక్ నేర్చుకున్నది బడిలో కాదు, వంటింటి గుమ్మం నుంచి వినపడే సీరియల్‌లో. రంజాన్ నెలలో ఇక్కడి ఇళ్ళల్లో సీరియల్ లేకుండా రాత్రి గడవదు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ తలచుకునే ఒక పాత హాస్య సీరియల్ ఉంది, దర్బ్ అల్ జలక్. జారుడు బాట అని అర్థం. అది కూడా 1977లోనే వచ్చింది, మన హైదరాబాద్ కేంద్రం మొదలైన ఏడాదే. ఇద్దరు అన్నదమ్ములకు పాత ఇంటికి ప్రభుత్వం నుంచి పరిహారం డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో ఏదో ఒక వ్యాపారం పెట్టడం, పోగొట్టుకోవడం, మళ్ళీ ఇంకోటి పెట్టడం. అందులో నటించిన అబ్దుల్ హుసేన్ అబ్దుల్ రెదా 2017లో చనిపోయినప్పుడు ఈ దేశమంతా బాధపడింది. ఆ కథ వింటే మనకు మన ఊళ్ళు గుర్తొస్తాయి. గల్ఫ్ డబ్బుతో ఊళ్ళో ఒక షాపు, ఒక ట్రాక్టరు, ఒక చిట్టీ, చివరికి మళ్ళీ కొత్త వీసా. నవ్వు ఏ భాషదైనా, దాని కింద ఉన్న బాధ ఒకటే.

మన ఇంట్లో సీరియల్ గురించి కూడా చెప్పాలి. ఇంటికి ఫోన్ చేస్తే "ఉండండి, సీరియల్ వస్తోంది" అంటారని మన తమ్ముళ్ళు చాలామంది నొచ్చుకుంటారు. మేం తిరగేసి అడుగుతాం. రోజంతా అత్తామామలకు చేసి, పిల్లల్ని బడికి పంపి, పొలం చూసుకుని, ఆమెకు దొరికేది ఆ అరగంట. మా క్యాంపులో కోనసీమ అన్న ఒకరున్నారు. ఆయన పద్ధతి వేరు. ఇంటావిడ చూసే సీరియల్‌నే తనూ చూస్తాడు. శుక్రవారం వారం భాగాలన్నీ ఒకేసారి చూసేస్తాడు. "ఆ కోడలు చేసిన పనేం బాగోలేదు కదా" అని మొదలుపెడతాడు. అక్కడి నుంచి మాట అమ్మ మోకాలి నొప్పికి వస్తుంది, అబ్బాయి లెక్కల మార్కులకు వస్తుంది. మామూలుగా "తిన్నావా, తిన్నా, డబ్బు అందిందా, అందింది" అనే నాలుగు మాటలతో ఆగిపోయే ఫోను ఆయనకు మాత్రం అరగంట నడుస్తుంది. ఆ సీరియల్ మంచిదా చెడ్డదా అని అడిగితే, "సీరియల్ సంగతి నాకెందుకు, మాట్లాడటానికి ఒక దారి దొరికింది" అంటాడు.

పాట కూడా అలాంటి దారే. బాలు గారు పోయింది 2020 సెప్టెంబర్ 25న. ఆ రోజు శుక్రవారం, మనకు సెలవు. చెన్నైలో మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, ఇక్కడ పదిన్నర. కరోనా భయంతో ఒకరి గదిలోకి ఒకరు వెళ్ళని రోజులు. అయినా ఆ రోజు క్యాంపులో తలుపులు తెరుచుకున్నాయి. ఒక గదిలో ఒక పాట, ఇంకో గదిలో ఇంకో పాట. తమిళ తమ్ముళ్ళు వాళ్ళ పాటలు పెట్టారు, హిందీవాళ్ళు వాళ్ళ పాటలు పెట్టారు, గొంతు మాత్రం ఒకటే. ఎవరూ ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు. ఆయన ఈటీవీలో పాడుతా తీయగా నడిపినన్నాళ్ళూ చిన్న పిల్లలు తప్పు పాడితే ఎలా దిద్దారో గుర్తు చేసుకోండి. ముందు బాగున్నదేదో చెప్పేవారు, తర్వాత లోపం చెప్పేవారు. సైట్లో కొత్త కుర్రాడికి పని నేర్పేటప్పుడు మేస్త్రీలు ఆ పద్ధతి పాటిస్తే సగం అరుపులు తగ్గుతాయి.

ఇప్పుడు ఒక బాధ కలిగించే సంగతి చెప్పాలి. పేరు, ఊరు చెప్పం. మన క్యాంపుల్లో ఒక కుర్రాడి తండ్రి ఊళ్ళో పోయాడు. వచ్చి ఆరు నెలలే అయింది, టికెట్‌కు డబ్బు లేదు, అప్పు తీరలేదు. ఆ కుర్రాడు దుప్పటి తెర వెనక, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వీడియో కాల్‌లో తండ్రి అంత్యక్రియలు చూశాడు. పాడె లేచేది చూశాడు, చితి అంటించేది చూశాడు. అదే గదిలో ఇంకా ఐదుగురున్నారు. ఒకరు సినిమా చూస్తున్నారు, ఒకరు నవ్వుతున్నారు. పిల్లాడు ఫోన్ చూసుకుంటున్నాడు అనే అందరూ అనుకున్నారు. మర్నాడు బస్సెక్కి డ్యూటీకి వచ్చాడు. పరంజా కూడా ఎక్కాడు. మూడో రోజు మెస్‌లో వంట చేసే పెద్దాయన, "ఏం నాయనా, పళ్ళెంలో అన్నం అలాగే ఉంటోంది" అని అడిగితే అప్పుడు బయటపడింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. గదిలోవాళ్ళు రాతి మనుషులు కారు. తెలిసిన వెంటనే ఆ రాత్రి అందరూ కూర్చున్నారు. తలా ఇంత వేసుకుని పదకొండో రోజు ఖర్చుకు పంపారు. కానీ పాత హాల్లో, ఒకే టీవీ ముందు అయితే ఆ ఏడుపు దాగేది కాదు. ఇయర్‌ఫోన్ పాటనే కాదు, ఏడుపును కూడా దాచేస్తుంది. అంత బాధతో మనిషి ఎత్తు మీద పని చేయడం ఎంత ప్రమాదమో సైట్లో పని చేసే ఎవరికైనా తెలుసు.

మరో రెండు జాగ్రత్తలు త్వరగా చెప్తాం. ఒకటి, వీడియోలు. రిఫైనరీలో, ఓడరేవులో, ఫ్యాక్టరీ గేటు లోపల ఫోటోలు, రీల్స్ తీయకూడదు. దారిన పోయే ఆడవాళ్ళు మన వీడియోలో పడినా, ఒకరి ఫోటో వాళ్ళకు తెలియకుండా పెట్టినా ఇక్కడ కేసు అవుతుంది. అరవై సెకన్ల రీల్ కోసం రెండేళ్ళ వీసా పోగొట్టుకోవద్దు. అలాగే "కువైట్‌లో క్షమాభిక్ష, ఈ రాత్రి నుంచే" అని ఎర్ర అక్షరాలతో వచ్చే వీడియోలు నమ్మకండి. 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష నిజంగానే ఇచ్చారు. ఇచ్చినప్పుడు ప్రభుత్వమే ప్రకటిస్తుంది, మన ఎంబసీ కూడా చెప్తుంది. ఎంబసీ చెప్పకముందే ఏజెంటు చేతిలో డబ్బు పెట్టొద్దు.

రెండు, చార్జర్లు. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో మంటలు లేచాయి. మన దేశంవాళ్ళే కనీసం 45 మంది పోయారు, అందులో మన ఆంధ్రవాళ్ళు ముగ్గురు. చాలామంది పొగకే పోయారు. కింద గార్డు గదిలో కరెంటు షార్ట్ సర్క్యూట్‌తో మొదలైందని ఇక్కడి అగ్నిమాపకశాఖ చెప్పింది. మన గదుల్లో ఒక్క ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్స్, దానికి ఇంకో బాక్స్, దానికి ఆరు చార్జర్లు, ఒక రైస్ కుక్కర్. తలగడ కింద ఫోన్ చార్జింగ్. చెవిలో పాట పెట్టుకుని నిద్రపోతే, ఎవరైనా కేక వేసినా వినపడదు. ఈ మాట ఈ ఒక్కసారికి మనసులో పెట్టుకోండి.

చివరగా నాలుగు ప్రతిపాదనలు. వీటికి డబ్బు ఖర్చు లేదు.

ఒకటి, సైట్లో బస్సు దిగిన దగ్గర నుంచి మళ్ళీ బస్సెక్కేదాకా చెవులు ఖాళీగా ఉండాలి. బస్సులో మీ ఇష్టం.

రెండు, పడుకునే ముందు అరగంట ఫోన్ చేతికి అందనంత దూరంలో చార్జింగ్ పెట్టాలి, అదీ తలగడకు దూరంగా, నేరుగా గోడ ప్లగ్గుకు. ఇంటికి మాట్లాడాలంటే డ్యూటీ దిగి బస్సులో వస్తున్నప్పుడే మాట్లాడండి. అప్పటికి పిల్లలు మేలుకుని ఉంటారు.

మూడు, గురువారం రాత్రి ఒక రెండు గంటలు ఒకే తెర. మర్నాడు సెలవే. హాల్లో టీవీ ఉంటే టీవీ, లేకపోతే ఒక ఫోన్‌ను గోడకు ఆనించినా చాలు. ఒక వారం తెలుగు, ఒక వారం మలయాళం, ఒక వారం హిందీ. లేదంటే అసలు తెరే వద్దు. మనలో రాయలసీమ చెక్కభజన తెలిసినవాళ్ళున్నారు, కోలాటం వేసినవాళ్ళున్నారు, తెలంగాణ ఒగ్గుకథ విన్నవాళ్ళున్నారు, అమ్మ పాడిన నాట్ల పాట గుర్తున్నవాళ్ళున్నారు. గొంతు బాగుండక్కర్లేదు. ఓడలో నహ్హామ్ ఒక్కడే బాగా పాడాలి, మిగతావాళ్ళు అందుకుంటే చాలు.

నాలుగు, ఇది అన్నిటికంటే ముఖ్యం. మీ పక్క మంచం మనిషి పళ్ళెం చూడండి. రెండు పూటలు అన్నం మిగిలితే, తెర వెనక నుంచి రెండు రోజులు నవ్వు వినపడకపోతే, దుప్పటి పక్కకు జరిపి "ఏంరా తమ్ముడూ" అని అడగండి. ఏం లేదన్నా అంటాడు. ఇంకోసారి అడగండి. మాకు గానీ, సేఫ్టీవాళ్ళకు గానీ ఒక మాట చెప్తే, ఆ రోజు అతన్ని ఎత్తు మీదికి ఎక్కించకుండా కింద పనిలో పెట్టుకుంటాం. ఎందుకు అని అడగం.

ఈ గురువారం రాత్రి ఎనిమిదింటికి మా బ్లాకు హాల్లో మొదలుపెడుతున్నాం. టీ మేం పెడతాం. పాట మీరు తీసుకురండి.